బెడ్ పక్కన అల్ట్రాసౌండ్: ప్రోబ్ పట్టుకునే ముందు నుంచి కేస్ షీట్‌లో రాసేదాకా

నెల్లూరు, కడప, శ్రీకాకుళం వైపు నుంచి చెన్నైకి పీజీకి వచ్చిన పిల్లలు మొదటి నెలలోనే నన్ను ఒక మాట అడుగుతారు: “అక్కా, ప్రోబ్ పెడితే బొమ్మ వస్తోంది. దాంతో ఏం చెయ్యాలో తెలియట్లేదు.” ప్రోబ్ అంటే ఒంటికి ఆనించి లోపలి బొమ్మ తీసే అల్ట్రాసౌండ్ పరికరం. రాత్రి రెండింటికి వాట్సాప్‌లో వీడియో పంపి “ఇది బీ లైనేనా?” అని అడిగేవాళ్లూ ఉన్నారు (బీ లైన్ అంటే ఏంటో ఆరో భాగంలో చెప్తాను). అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గిపోయింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది హౌస్ సర్జన్లకి, పీజీలకి, వాళ్లకి నేర్పే సీనియర్లకి. రేడియాలజీ విభాగంలో చేసే స్కాన్‌కి ఇది బదులు కాదు. అక్కడ పొట్ట అంతా చూస్తారు. మనం క్యాజువాల్టీలోనో ఐసీయూలోనో మంచం పక్కన నిలబడి ఒక్క ప్రశ్నకి జవాబు వెతుకుతాం. ఆ తేడా మరిచిపోయినప్పుడే తప్పులు జరుగుతాయి.

1. ముందు ప్రశ్న రాసుకోండి

మెషీన్ ఆన్ చేయకముందే కేస్ షీట్ మీద ఒక్క లైను రాయండి: నేను ఏం తెలుసుకోవాలి? జవాబు “ఉంది”, “లేదు”, “సరిగ్గా కనిపించలేదు” అనే మూడింట్లో ఒకటి అయ్యేలా ఆ ప్రశ్న ఉండాలి.

పనికొచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి:

- ఈ ఆయాసం ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్లేనా?
- బైక్ ప్రమాదంలో వచ్చిన ఈ అబ్బాయి పొట్టలో రక్తం ఉందా?
- బీపీ పడిపోయిన ఈవిడ గుండె గట్టిగా కొట్టుకుంటోందా, లేదా?
- మూత్రం రావట్లేదు. బ్లాడర్ నిండి ఉందా, ఖాళీగా ఉందా?

పనికిరానివి: “గుండె ఎలా ఉందో చూద్దాం”, “ఒకసారి పొట్ట మీద పెట్టి చూడు”. ఇలా మొదలైన స్కాన్ ఇరవై నిమిషాలు సాగుతుంది. చివరికి ఎవరికీ అక్కర్లేని ఒక కిడ్నీ సిస్టు దొరుకుతుంది.

రెండో లైను కూడా రాయండి: జవాబు “ఉంది” అయితే ఏం చేస్తాను, “లేదు” అయితే ఏం చేస్తాను? రెండింటికీ చేసేది ఒకటే అయితే ఆ స్కాన్ ఇప్పుడు అక్కర్లేదు. నేర్చుకోవడానికి చేస్తున్నారంటే తప్పేం లేదు, కానీ రోగికి ఆ మాట చెప్పి ఒప్పించాక చేయండి.

2. చట్టం సంగతి: తేలిగ్గా తీసుకోవద్దు

మనం చూసేది ఊపిరితిత్తులే అయినా అల్ట్రాసౌండ్ మెషీన్ గర్భస్థ లింగనిర్ధారణ నిరోధక చట్టం కిందికి వస్తుంది. 1994లో వచ్చిన చట్టం, 2003లో సవరించారు. జేబులో పట్టే చిన్న ప్రోబ్‌కీ ఇదే వర్తిస్తుంది.

- మెషీన్ మీ ఆసుపత్రి పేరున రిజిస్టర్ అయి ఉందో లేదో, వాడేవాళ్లలో మీ పేరు ఉందో లేదో ముందే కనుక్కోండి.
- పోర్టబుల్ మెషీన్‌ని స్నేహితుడి క్లినిక్‌కి పట్టుకెళ్లకండి. రిజిస్టర్ అయిన ఆవరణ దాటి తిప్పడంపై 2012 నుంచి గట్టి ఆంక్షలున్నాయి.
- గర్భిణికి స్కాన్ చేస్తే ఫారం ఎఫ్ (ఈ చట్టం కింద స్కాన్ వివరాలు రాసే పత్రం) నింపాల్సిందే. ఎమర్జెన్సీ అన్న కారణంతో అది తప్పదు.
- “ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు” అనే బోర్డు ఇంగ్లీషులో, స్థానిక భాషలో ఉండాలి. చెన్నైలో అది తమిళం.

సూళ్లూరుపేట నుంచి వచ్చిన అత్తగారు మనం తెలుగువాళ్లమని తెలియగానే పక్కకి పిలిచి “మనోళ్లే కదమ్మా, కాస్త చెప్పు తల్లీ” అని అడగొచ్చు. మాటతోనే కాదు, సైగతో చెప్పినా నేరమే. నవ్వి ఊరుకోవద్దు, ఆ నవ్వుకీ వాళ్లు అర్థం తీసుకుంటారు. “చెప్పకూడదమ్మా, నేను చూడలేదు కూడా” అని సూటిగా చెప్పేయండి.

3. మెషీన్, ప్రోబ్ సిద్ధం చేసుకోవడం

మూడు ప్రోబ్‌లు తెలిస్తే చాలు.

లీనియర్: 5 నుంచి 13 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. పైపైన ఉన్నవి చాలా స్పష్టంగా కనిపిస్తాయి. రక్తనాళాలు, సూది పని, ఊపిరితిత్తి పైపొర కదలిక దీనికి.

కర్వ్ ప్రోబ్: 2 నుంచి 5 మెగాహెర్ట్జ్. లోతు ఎక్కువ. పొట్ట, ఛాతీలో నీరు, బీ లైన్లు దీనికి.

ఫేజ్డ్ ప్రోబ్: లోతు ఇంచుమించు అంతే, కానీ ముఖం చిన్నది. పక్కటెముకల మధ్య ఇరుకులోంచి గుండెని చూడ్డానికి.

ఒక్కటే కొనే స్తోమత ఉన్న చోట కర్వ్ ప్రోబ్‌తోనే ముప్పావు వంతు పని అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- రోగి పేరు, ఐపీ నంబరు టైపు చేశారా? పేరు లేని క్లిప్ రేపు ఎవరికీ పనికిరాదు.
- ప్రిసెట్ (ఒక్కో భాగానికి మెషీన్‌లో ముందే పెట్టిన సెట్టింగు) సరైనదేనా? పొట్ట ప్రిసెట్‌లో ప్రోబ్ గుర్తుకి సరిపోయే చుక్క తెర మీద ఎడమవైపు ఉంటుంది, గుండె ప్రిసెట్‌లో కుడివైపు ఉంటుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఎక్కువగా ఇక్కడే.
- చుక్క ఏ వైపో అనుమానంగా ఉందా? ప్రోబ్ ఒక అంచుని వేలితో తట్టండి, తెర మీద ఏ వైపు కదిలితే అదే.
- చూడాల్సింది తెరలో మూడింట రెండు వంతుల లోతులో వచ్చేలా డెప్త్ పెట్టుకున్నారా?
- గెయిన్ (బొమ్మ వెలుగు) సరిపోయిందా? రక్తం, మూత్రం నల్లగా కనిపించాలి. బూడిద రంగులో ఉంటే గెయిన్ ఎక్కువైనట్టు.
- మెషీన్ మీ చూపుకి ఎదురుగా ఉందా? మెడ తిప్పి చేసే స్కాన్‌లో చెయ్యి జారిపోతుంది.

చేతిలో పట్టే ప్రోబ్‌లు చాలాసేపు ఆపకుండా వాడితే వేడెక్కి వాటంతట అవే ఆగిపోతాయి. మే నెల చెన్నైలో, ఫ్యాన్ కూడా అందని మూల బెడ్ దగ్గర ఇంకా తొందరగా ఆగుతాయి. బొమ్మ దొరకగానే ఫ్రీజ్ చేయడం అలవాటు చేసుకోండి.

వైరు సంగతి ఒకటి చెప్పాలి. ప్రోబ్‌లు కిందపడి పాడవడం అందరికీ తెలుసు. నేను చూసినవాటిలో ఎక్కువ మాత్రం మంచం చక్రం కింద వైరు నలిగి పోయాయి. మెషీన్ కదిపే ముందు వైరు మెడలో దండలా వేసుకోండి. చూడ్డానికి బాగోదు, ప్రోబ్ మాత్రం బతుకుతుంది.

4. రోగిని సిద్ధం చేయడం

ఏం చేయబోతున్నారో రెండు ముక్కల్లో చెప్పండి. జెల్ చల్లగా తగులుతుందని ముందే చెప్పండి. ఎంత అవసరమో అంతే బట్ట తొలగించి మిగతాది దుప్పటితో కప్పండి. చీర కొంగు పక్కన ఒక టవల్ దోపితే జెల్ అంటదు. ఆడవాళ్లకి చేసేటప్పుడు స్టాఫ్ నర్స్ పక్కన ఉండాలి, కర్టెన్ వేసి ఉండాలి.

తెలుగు రోగులైతే “ఊపిరి బాగా పీల్చి ఆపమ్మా” అంటే సరిపోతుంది. తమిళం రాని మన పిల్లలకి మూడు మాటలు చాలు: “మూచ్చ నల్లా ఇళుంగ” అంటే ఊపిరి బాగా పీల్చండి, “పిడిచ్చుకోంగ” అంటే ఆపండి, “ఇడదు పక్కం తిరుంబి పడుంగ” అంటే ఎడమవైపు తిరిగి పడుకోండి. మూడోది గుండె స్కాన్‌కి చాలా ముఖ్యం. ఎడమకి తిరిగితే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుంది.

ఆయాసంతో ఉన్నవాళ్లని స్కాన్ కోసం వెల్లకిలా పడుకోబెట్టకండి. కూర్చున్నవాళ్లని కూర్చున్నట్టే చూడండి.

5. చేతి కదలికలు

ప్రోబ్‌ని జరపడం, వాల్చడం, తిప్పడం, ఒక అంచు మీదికి ఒరిగించడం. ఉన్నవి ఈ నాలుగే. ఒకసారికి ఒక్కటే చేయండి. జరుపుతూ తిప్పుతూ వాలుస్తూ ఉంటే వచ్చిన మంచి బొమ్మ పోతుంది, ఎందుకు పోయిందో కూడా తెలియదు.

చిటికెన వేలు, అరచేతి అంచు రోగి ఒంటికి ఆనించి ఉంచండి. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే చాలు.

6. ఊపిరితిత్తులు: ఇక్కడే మొదలుపెట్టండి

నేర్చుకోవడం గుండెతో మొదలుపెట్టాలని అందరికీ ఉబలాటం. నేనైతే ఊపిరితిత్తులతోనే మొదలుపెట్టిస్తాను. బొమ్మ తొందరగా దొరుకుతుంది, ఆయాసం కేసులు రోజూ ఉంటాయి.

6.1 ప్రోబ్ గుర్తు తలవైపు ఉంచి, కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి గీత గీస్తే రెండు, మూడు పక్కటెముకలు వచ్చే చోట నిలువుగా పెట్టండి. రెండు పక్కటెముకలు, వాటి కింద నల్లటి నీడలు కనిపిస్తాయి. వాటి మధ్య, ఎముకల కన్నా కొంచెం లోతులో, మెరిసే అడ్డగీత ఉంటుంది. అదే ప్లూరా, ఊపిరితిత్తి పైపొర. రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటుందని దాన్ని బ్యాట్ సైన్ అంటారు. ఈ బొమ్మ రాకుండా ముందుకి పోవద్దు.

6.2 ఇప్పుడు చెయ్యి కదపకుండా ఆ గీతని మాత్రమే చూడండి. రోగి ఊపిరి తీసినప్పుడల్లా గీత మీద చీమల బారు అటూ ఇటూ పోతున్నట్టు మెరుపు కదులుతుంది. అది లంగ్ స్లైడింగ్. అది కనిపిస్తే ప్రోబ్ ఉన్న చోట న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) లేనట్టే. ఆ ఒక్క చోటే సుమా, ఛాతీ మొత్తానికి కాదు.

అనుమానంగా ఉంటే ఎం మోడ్ (ఒకే గీత వెంట కదలికని కాలంతో పాటు చూపేది) నొక్కండి. స్లైడింగ్ ఉంటే పైన నీటి అలల్లాంటి గీతలు, కింద ఇసుక. మెరీనా ఒడ్డున నిలబడి చూసినట్టే ఉంటుంది. లేకపోతే పై నుంచి కింది దాకా అన్నీ అడ్డగీతలే, సరుకు ప్యాకెట్ మీది బార్‌కోడ్‌లా.

6.3 స్లైడింగ్ లేదు కదా అని వెంటనే సూది పట్టుకోకండి. శ్వాస కోసం వేసిన ట్యూబు కుడివైపు శ్వాసనాళంలోకి జారిపోతే ఎడమవైపు స్లైడింగ్ ఉండదు. పాత జబ్బుతో ప్లూరా అతుక్కుపోయినా ఉండదు. పెద్ద బుల్లాలు (ఊపిరితిత్తిలో గాలి తిత్తులు) ఉన్నా కనిపించకపోవచ్చు. స్లైడింగ్ ఉన్న చోటు, లేని చోటు ఒకే తెర మీద కలిసే లంగ్ పాయింట్ దొరికితే న్యూమోథొరాక్స్ ఖాయం. ప్రాణం మీదికొచ్చిన టెన్షన్ న్యూమోథొరాక్స్‌లో మాత్రం దానికోసం వెతుకుతూ కూర్చోకూడదు.

6.4 తరవాత డెప్త్ 15 సెంటీమీటర్ల దాకా పెంచి బీ లైన్లు చూడండి. ప్లూరా దగ్గర పుట్టి, తెర చివరిదాకా టార్చిలైటు వెలుగులా దిగి, ఊపిరితో పాటు కదిలే నిలువు గీతలే బీ లైన్లు. సగంలో ఆగిపోయేవి కావు. ఒక పక్కటెముకల సందులో మూడు, అంతకన్నా ఎక్కువ ఉంటేనే లెక్క. రెండువైపులా, ఒక్కో వైపు రెండు చోట్లకి తగ్గకుండా ఉంటే ఊపిరితిత్తులు తడిసినట్టు అనుమానించాలి.

ఇక్కడే నా తప్పు ఒకటి చెప్పాలి. పీజీ మొదటి సంవత్సరంలో గూడూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయాసం, పాత గుండె జబ్బు. కుడివైపు ప్రోబ్ పెట్టాను, తెర నిండా బీ లైన్లు. సంబరంగా ఒంట్లో నీరు తీసే మందు ఫ్యూరోసెమైడ్ రాసేశాను. తెల్లారి రౌండ్స్‌లో మా సార్ ఎడమవైపు పెట్టి చూశారు. అక్కడ నున్నటి అడ్డగీతలు తప్ప ఏమీ లేవు. వాటినే “ఏ” లైన్లు (A lines) అంటారు, తడి లేని ఊపిరితిత్తిలో కనిపిస్తాయి. ఆయనకున్నది కుడివైపు న్యుమోనియా. జ్వరం చార్టు మంచం చివరే వేలాడుతోంది, నేను తెర చూశానే గానీ దాన్ని చూడలేదు. యాంటీబయాటిక్ ఒక రాత్రి ఆలస్యమైంది. ఆ పెద్దాయన కోలుకుని ఇంటికెళ్లాడు, నా అదృష్టం. అప్పటి నుంచి రెండువైపులా చూడకుండా ఒక్క ముక్క కూడా రాయను.

6.5 చివరగా ఊపిరితిత్తి చుట్టూ, ఛాతీలో చేరిన నీరు. ప్రోబ్‌ని పక్కకి, వీలైనంత వెనక్కి తీసుకెళ్లండి. ముందు డయాఫ్రమ్ పట్టుకోండి, దాని కింద లివరో స్ప్లీనో కనిపించాలి. డయాఫ్రమ్ పైన నల్లగా ఉండి, వెన్నెముక గీత డయాఫ్రమ్ దాటి పైకి కూడా సాగితే అక్కడ నీరుంది. డయాఫ్రమ్ గుర్తించకుండా ట్యాపింగ్‌కి (ఆ నీరు తీయడానికి) సూది గుచ్చితే లివర్‌లోకి పోయే ప్రమాదం ఉంది.

7. గుండె: నాలుగు ప్రశ్నలే

బాగా పిండుతోందా? చుట్టూ నీరుందా? కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) ఉబ్బిందా? అసలు కదులుతోందా? మిగతావి, ముఖ్యంగా వాల్వుల సంగతి, కార్డియాలజీ వాళ్లకి వదిలేయండి.

రొమ్ము ఎముకకి ఎడమ పక్కన మూడు, నాలుగు సందుల్లో గుర్తు కుడి భుజంవైపు ఉంచి మొదలుపెట్టండి. డెప్త్ ఒకసారి పెంచి, గుండె వెనక గుండ్రంగా కనిపించే డిసెండింగ్ అయోర్టాని (కిందికి దిగే పెద్ద ధమని) పట్టుకోండి. నీరు ఆ గుండ్రానికి ముందు నుంచి గుండె వెనక్కి పాకితే అది గుండె చుట్టూ నీరు. దానికి వెనకే ఉండిపోతే ఛాతీలో నీరు. గుండె ముందువైపు మాత్రమే సన్నటి నల్ల పొర ఉంటే చాలాసార్లు అది కొవ్వే.

పిండే బలాన్ని కంటి అంచనాతో “మామూలు, తగ్గింది, బాగా తగ్గింది” అని మూడు మాటల్లో చెప్పడం నేర్చుకోండి. మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు) రెక్క తెరుచుకున్నప్పుడు జఠరికల మధ్య గోడకి ఎంత దగ్గరగా వస్తుందో చూడండి. 7 మిల్లీమీటర్ల కన్నా దూరంగా ఆగిపోతే పిండే బలం తగ్గి ఉండొచ్చు. మైట్రల్ వాల్వ్ దారి సన్నబడ్డవాళ్లలో, అయోర్టిక్ లీకు ఉన్నవాళ్లలో ఈ కొలత మోసం చేస్తుంది.

కుడి జఠరిక మామూలుగా ఎడమదానిలో మూడింట రెండు వంతులు ఉంటుంది. సమానంగానో పెద్దగానో కనిపిస్తే పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తి నాళంలో రక్తపు గడ్డ) గుర్తు చేసుకోండి. కాళ్ల సిరలు కూడా నొక్కి చూడండి. గజ్జల్లో, మోకాలి వెనక సిర నొక్కితే పూర్తిగా అణగాలి, అణగకపోతే గడ్డ ఉన్నట్టు.

కార్డియాక్ అరెస్ట్‌లో: ఛాతీ నొక్కుతుండగానే ప్రోబ్‌ని రొమ్ము ఎముక కింద సిద్ధంగా పెట్టండి. నాడి చూడ్డానికి ఆపినప్పుడు రికార్డు నొక్కండి. పక్కన ఒకరు పైకి లెక్కపెట్టాలి. పది అనగానే బొమ్మ వచ్చినా రాకపోయినా చెయ్యి తీసేయండి. క్లిప్ తరవాత చూసుకోవచ్చు. బొమ్మ కోసం కంప్రెషన్లు ఆపడం స్కాన్ వల్ల జరిగే పెద్ద హాని.

8. ఐవీసీ: నమ్మకం తక్కువ ఉంచుకోండి

ఐవీసీ అంటే ఒంటి కింది భాగం నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర. అది గుండె కుడి గదిలో కలిసే చోటికి 2 సెంటీమీటర్ల దూరంలో కొలవాలి. వెడల్పు 2.1 సెంటీమీటర్ల లోపు ఉండి, ముక్కుతో చటుక్కున పీల్చినప్పుడు సగానికి పైగా ముడుచుకుంటే కుడివైపు పీడనం తక్కువ. వెడల్పు అంతకన్నా ఎక్కువ ఉండి ముడుచుకోకపోతే పీడనం ఎక్కువ. మధ్యలో ఉన్నవాళ్లకి ఇది ఏమీ చెప్పదు. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు. ఇక అయోర్టాని ఐవీసీ అనుకునే పొరపాటు అందరం ఒకసారైనా చేశాం. ఐవీసీ లివర్ వెనక నుంచి వెళ్లి గుండెలో కలుస్తుంది. ఆ కలిసే చోటు చూడకుండా కొలవకండి.

9. పొట్ట: రక్తం, నీరు, వానాకాలం డెంగీ

ప్రమాదం కేసులో వరుస: కుడి పక్క, ఎడమ పక్క, పొత్తి కడుపు, గుండె. తరవాత రెండువైపులా ఊపిరితిత్తులు.

- కుడి పక్క లివర్, కిడ్నీ మధ్య చూసి ఆగిపోకండి. లివర్ కింది కొస దాకా వెళ్లండి, నీరు ముందు అక్కడే కనిపించొచ్చు.
- ఎడమ పక్క ప్రోబ్ పట్టిన వేళ్ల కణుపులు పరుపుకి తగిలేంత వెనక్కి పెట్టండి. స్ప్లీన్‌కి పైన, డయాఫ్రమ్ కింద కూడా చూడండి.
- పొత్తి కడుపు కాథెటర్ వేయకముందే చూడండి. నిండిన బ్లాడర్ కిటికీలా పనిచేస్తుంది. దాని వెనక అంతా మరీ తెల్లగా మెరిస్తే కొద్దిపాటి రక్తం కనిపించదు, గెయిన్ తగ్గించండి.
- ఏమీ కనిపించలేదంటే రక్తస్రావం లేదని కాదు. కిడ్నీల వెనక భాగంలోని రక్తం ఈ స్కాన్‌కి దొరకదు. బీపీ దిగుతుంటే మళ్లీ చూడండి.

బ్లాడర్‌లో ఎంత మూత్రం ఉందో కావాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 0.52తో మళ్లీ గుణించండి. మిల్లీలీటర్లు వస్తాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు. వార్డులు డెంగీతో నిండుతాయి. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గుతున్నప్పుడు ప్లాస్మా లీకు (రక్తంలోని ద్రవం నాళాల్లోంచి బయటికి కారడం) మొదలవుతుంది. “జ్వరం తగ్గింది కదమ్మా, ఇంటికి పంపెయ్” అని ఇంట్లోవాళ్లు అడిగేది కూడా సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో రోజుకి ఒకసారి మూడు చోట్ల పెట్టండి: కుడి ఛాతీ అడుగున నీరు, గాల్‌బ్లాడర్ గోడ మందం, పొట్టలో నీరు.

గాల్‌బ్లాడర్ గోడ 3 మిల్లీమీటర్లు దాటితే మందమైనట్టు. ఇడ్లీ తిని వచ్చినవాళ్లలో గాల్‌బ్లాడర్ ముడుచుకుని గోడ ఊరికే మందంగా కనిపిస్తుంది, కాబట్టి ఎప్పుడు తిన్నారో అడగండి. గుండె జబ్బులోనూ, హెపటైటిస్‌లోనూ గోడ మందమవుతుంది. హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం చెప్పే పరీక్ష), నాడి, బీపీ, మూత్రం చూడకుండా స్కాన్ ఒక్కదానితో సెలైన్ వేగం మార్చకండి.

10. సిర దొరకని చెయ్యి: సూది పని

నర్సులు అందరికన్నా ముందు అడిగేది ఇదే. నాలుగుసార్లు గుచ్చి వదిలేసిన డయాలసిస్ రోగి చెయ్యి చూస్తే ఎందుకు అడుగుతారో అర్థమవుతుంది.

10.1 మెషీన్ మంచానికి అవతలి పక్క. మీ కళ్లు, సూది, తెర ఒకే వరుసలో ఉండాలి.

10.2 పట్టీ కట్టండి. లీనియర్ ప్రోబ్‌ని మోచేతి పైన అడ్డంగా పెట్టి మెల్లగా నొక్కండి. అణిగేది సిర. అణగకుండా కొట్టుకునేది ధమని, దాన్ని వదిలేయండి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమని, సిర కలిపిన చోటు) ఉన్న చెయ్యి ముట్టుకోవద్దు.

10.3 లోతు చూడండి. ఒకటిన్నర సెంటీమీటర్లు దాటితే మామూలు పొట్టి క్యాన్యులా (సిరలో ఉంచే ప్లాస్టిక్ గొట్టం) లోపలికి పోయినా కొద్ది గంటల్లో బయటికి వచ్చేస్తుంది. పొడవాటిది తీసుకోండి, లేకపోతే వేరే సిర చూసుకోండి.

10.4 చర్మం శుభ్రం చేసి, ప్రోబ్‌కి స్టెరైల్ కవరు వేసి, స్టెరైల్ జెల్ రాయండి. సిరని తెర నడిమికి తెచ్చి, ప్రోబ్ నడి గీత దగ్గర గుచ్చండి.

10.5 అసలు కిటుకు ఇది. సూది తెర మీద తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క సూది మొన కావచ్చు, నడుము కావచ్చు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే సూదిని ఆపి, ప్రోబ్‌ని రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకి జరపండి. చుక్క మాయమైతే మీరు చూసింది మొనే. ఇప్పుడు ప్రోబ్‌ని ఆపి, చుక్క మళ్లీ కనిపించేదాకా సూదిని నెట్టండి. ప్రోబ్ ఒక అడుగు, సూది ఒక అడుగు. సిర పైగోడ గుడారంలా లోపలికి నొక్కుకుని, చటుక్కున విడిపోయి, నల్లటి గుండ్రం నడుమ చుక్క నిలుస్తుంది.

10.6 రక్తం కనిపించగానే తెర వదిలేసి క్యాన్యులా తోసేయకండి. అందరూ ఓడిపోయేది ఇక్కడే. సూదిని కాస్త పడుకోబెట్టి, చుక్కని సిర మధ్యలోనే ఉంచుతూ ఇంకో అర సెంటీమీటరు పైగా అదే పద్ధతిలో లోపలికి వెళ్లండి. ఆ తరవాతే ప్లాస్టిక్ జరపండి.

సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే పొడవాటి గొట్టం) వేసేటప్పుడు డైలేటర్ (దారి వెడల్పు చేసేది) వేయకముందు ప్రోబ్‌ని నిలువుగా తిప్పి, ఆ గొట్టానికి దారి చూపే వైరు సిరలోనే ఉందని కళ్లారా చూడాలి. ఈ మెట్టు దాటేసిన పీజీని నేను ఆ రోజు లైన్లు వేయనివ్వను.

11. బొమ్మ రాకపోతే

- అంతా నలుపు: జెల్ చాలలేదు, లేదా ప్రోబ్ ఎముక మీద ఉంది.
- అంతా పొగమంచు: గెయిన్ తగ్గించండి, వేరే ప్రిసెట్‌లో ఉన్నారేమో చూడండి.
- గుండె కనిపించట్లేదు: ఎడమకి తిప్పండి, ఊపిరి వదిలి ఆపమనండి. ఊపిరితిత్తి ఉబ్బినవాళ్లకి రొమ్ము ఎముక కింద నుంచి చూడండి.
- పొట్టలో గ్యాస్ అడ్డం: మెల్లగా నొక్కి ఉంచండి, పక్క నుంచి ప్రయత్నించండి.
- ఐదు నిమిషాలైనా దొరకలేదు: ఆపేయండి. “కనిపించలేదు” అని రాసి సీనియర్‌ని పిలవండి.

12. రాయడం, చెప్పడం

కేస్ షీట్‌లో ఐదు లైన్లు: ప్రశ్న, ఎక్కడెక్కడ చూశాను, ఏం కనిపించింది, ఏం కనిపించలేదు లేదా చూడలేకపోయాను, అందుకని ఏం చేస్తున్నాను. కింద సమయం, పేరు. ఉదాహరణకి:

“ప్రశ్న: ఆయాసానికి కారణం ఊపిరితిత్తుల్లో నీరేనా? రెండువైపులా ముందు, పక్క భాగాలు చూశాను. రెండువైపులా చాలా బీ లైన్లు, కుడివైపు కొద్దిగా నీరు. గుండె పిండే బలం బాగా తగ్గింది. గుండె చుట్టూ నీరు లేదు. కుడి జఠరిక సరిగ్గా కనిపించలేదు. ఫ్యూరోసెమైడ్ మొదలుపెట్టాను, పూర్తి ఎకో అడిగాను. రాత్రి 11:40.”

బంధువులతో “స్కాన్ నార్మల్” అనే మాట అనకండి. వాళ్ల దృష్టిలో స్కాన్ అంటే అన్నీ చూసే స్కాన్. రేపు రేడియాలజీలో గాల్‌స్టోన్ బయటపడితే “నిన్న లేదన్నారుగా” అంటారు. “ఇది చిన్న స్కానమ్మా, ఊపిరితిత్తుల్లో నీరుందా అన్నది మాత్రమే చూశాం” అని చెప్పండి.

13. ప్రోబ్ శుభ్రం

ముందు జెల్ పూర్తిగా తుడవండి, జెల్ మీద మందు పనిచేయదు. తరవాత ఆ కంపెనీ ఒప్పుకున్న ద్రావణంతో తుడిచి, తడి ఆరనివ్వండి. స్పిరిట్ కొన్ని ప్రోబ్‌ల రబ్బరుని పగలగొడుతుంది, మాన్యువల్ చూసుకోండి. వైరు కూడా తుడవాలి, దాన్ని అందరూ మరిచిపోతారు. జెల్ సీసా మూతి రోగి చర్మానికి తగలనివ్వకండి, ఖాళీ సీసాలో మళ్లీ నింపకండి.

14. నేర్చుకోవడం, నేర్పడం

అమెరికా ఎమర్జెన్సీ వైద్యుల సంఘం ఒక్కో రకం స్కాన్‌కి 25 నుంచి 50 దాకా, ఇంకొకరు పరిశీలించినవి, చేయాలంటుంది. మన దగ్గర కూడా ఆ అంకె పెట్టుకోవచ్చు. ముఖ్యమైనది అంకె కాదు, “ఇంకొకరు పరిశీలించినవి” అన్న మాట. వంద స్కాన్లు ఒంటరిగా చేస్తే ఒకే తప్పు వందసార్లు చేసినట్టు కావచ్చు.

నేను పీజీలతో పెట్టుకునే వరుస:

- మొదటి వారం: ఒకరి మీద ఒకరు. మామూలు ఊపిరితిత్తి, లివర్, కిడ్నీ, గుండె. మామూలుది కళ్లకి అలవాటు కాకుండా జబ్బు తెలియదు.
- రెండు, మూడు వారాలు: పక్కన సీనియర్ ఉండగా ఊపిరితిత్తులు, బ్లాడర్, పొట్టలో నీరు.
- రెండో నెల: గుండె, కాళ్ల సిరలు.
- ప్రతి శనివారం: ఆ వారం క్లిప్‌లు కలిసి చూడటం. రేడియాలజీ రిపోర్టు, సీటీ, ఎకో వచ్చిన కేసులకి మన రాత పక్కన పెట్టి పోల్చడం. లాగ్‌బుక్‌లో తప్పిన కేసులు ఎర్ర సిరాతో.

సూది పని సాధన చేయడానికి నమూనా ఇంట్లోనే చేసుకోవచ్చు. జెలటిన్ చిక్కగా కాచి, అందులో రెండు చెంచాల ఈసబ్‌గోల్ కలపండి, లేకపోతే తెర మీద అంతా నీళ్లలా నల్లగా వస్తుంది. నీళ్లు నింపిన పొడవాటి బెలూన్‌ని మధ్యలో ఉంచి ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వండి. బెలూన్‌లో గాలి బుడగ ఉండకూడదు. జెలటిన్ ముట్టనివాళ్లకి చైనా గ్రాస్ (అగర్) కూడా పనికొస్తుంది, కాకపోతే తొందరగా విరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు డబ్బా మీద “తినకూడదు” అని తెలుగులో, తమిళంలో రాయండి. మా హాస్టల్లో ఒకసారి ఎవరో చెంచాతో తవ్వేశారు.

నేర్పేవాళ్లకి ఒక మాట. పీజీకి బొమ్మ రాకపోతే మనకి చెయ్యి ఆగదు, ప్రోబ్ లాక్కుని తెచ్చేస్తాం. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. “కొంచెం వెనక్కి జరుపు, ఇప్పుడు తలవైపు వాల్చు, ఆగు” అని నోటితో మాత్రమే చెప్పండి.